రికార్డు పుస్తకంలో నిజం

విద్యార్థి సంఘం వారు ఈ ఏటి ప్రత్యేక సంచికకి ఏదైనా వ్యాసం రాయమని అడిగి మూడు వారాలయింది. వారం క్రితం సంపాదకవర్గంలోని కుర్రాడు వరండాలో ఎదురుపడి, "సార్, మీ వ్యాసం ఎంతవరకొచ్చింది?" అన్నాడు. "సగం పైనే అయిపోయిందయ్యా, ఫెయిర్ చెయ్యాలి అంతే" అన్నాను. నిజానికి అప్పటికి నేను కాగితం మీద కలం పెట్టలేదు. ఏ విషయం మీద రాయాలో కూడా అనుకోలేదు. కుర్రాడు సంతోషంగా వెళ్ళిపోయాడు. స్టాఫ్ రూములోకి వచ్చి కూర్చున్నాక నాకే ఆశ్చర్యమేసింది. ఎంత అవలీలగా వచ్చిందీ మాట! తడుముకోలేదు, గొంతు వణకలేదు. పైగా "ఫెయిర్ చెయ్యాలి" అనే చిన్న వివరం దానంతటదే వచ్చి అతుక్కుంది. అబద్ధమాడితే అతికినట్టుండాలని పెద్దలు ఊరికే అన్నారా!

పోనీలే, రాయడానికి విషయమైతే దొరికింది.

అయితే ముందుగా ఒక మాట. ఇది నీతిబోధ కాదు. నీతి బోధించడానికి నాకున్న అర్హత ఎంతో పై పేరాలోనే విన్నవించుకున్నాను. సత్యం గురించి మనకి తెలియనిది ఎవరూ కొత్తగా చెప్పలేరు. మనంత విని ఉన్న జాతి మరొకటి ఉండదేమో కూడా. మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో సత్యహరిశ్చంద్ర నాటకం ఆడించేవారు. కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము మూడయ్యేది. అయినా ఒక్కరు లేచేవారు కాదు. పద్యం పద్యానికీ వన్స్‌మోర్‌లే. ముందు వరసలో కూర్చుని కండువాతో కళ్ళొత్తుకునే షావుకారు గారు, పొద్దున్నే కొట్టు తెరిచి, అదే కండువాతో తక్కెడ తుడిచి, ఎప్పటిలాగే తూచేవారు. ఆయన తూకం సంగతి ఊరందరికీ తెలుసు. నాటకానికి అందరికంటే ఎక్కువ చందా ఇచ్చేదీ ఆయనే.

మన భాషనే చూడండి. ఎవరినైనా "సత్యహరిశ్చంద్రుడివి" అంటే అది పొగడ్త కాదు. "నువ్వేమో పెద్ద సత్యహరిశ్చంద్రుడివి మరి!" అన్నప్పుడు అందులో ఎంత వెటకారం ఉందో తెలుగువాడికి వేరే చెప్పనక్కర్లేదు. నిజమాడితే నిష్ఠూరం. యథార్థవాది లోకవిరోధి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యాలి. రాత్రి నాటకంలో చూసినది ఒక ధర్మం, పగలు సామెతల్లో వాడుకునేది ఇంకొకటి. రెండూ మనవే. రెండింటి మధ్యా మనం సుఖంగానే కాలక్షేపం చేస్తున్నాం.

నేను చెప్పదలచుకున్నది హరిశ్చంద్రుడి సంగతి కాదు, ఒక స్టాప్‌వాచీ సంగతి.

1988లో నేను బి.ఎస్సీ. మొదటి సంవత్సరంలో చేరాను. ఫిజిక్స్ లాబొరేటరీలో మొట్టమొదట ఇచ్చిన ప్రయోగం లఘులోలకం. ఇంటర్మీడియట్‌లో చేసిందే, చెయ్యి తిరగడం కోసం మళ్ళీ ఇచ్చారు. సైన్సు చదవని మిత్రుల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. దారానికి ఒక లోహపు గుండు కట్టి వేలాడదీస్తారు. పైనుంచి గుండు మధ్య వరకు పొడవు నూరు సెంటీమీటర్లు. మెల్లగా ఊపి వదిలితే అది ఇటూ అటూ ఊగుతుంది. ఇరవై ఊపులకి ఎంత కాలం పట్టిందో వాచీతో చూసుకుని, ఇరవైతో భాగించి, సూత్రంలో వేస్తే భూమ్యాకర్షణ వల్ల కలిగే త్వరణం వస్తుంది. దాన్ని g అంటాం. పుస్తకంలో 980 అని ఉంటుంది. అంటే, మీరు ప్రయోగం మొదలుపెట్టక ముందే జవాబు మీకు తెలుసు. మీకు తెలుసని లెక్చరర్ గారికి తెలుసు. ఆయనకి తెలుసని మీకూ తెలుసు. అబద్ధం మొలకెత్తడానికి ఇంతకంటే మంచి మడి ఇంకెక్కడ దొరుకుతుంది?

మా బల్లకి ఇద్దరం. నా భాగస్వామి పేరు రాయను, ఆయనకి ఇష్టం ఉండదు. "మావాడు" అంటాను. ఒకరు గుండు వదిలితే ఇంకొకరు వాచీ నొక్కేవాళ్ళం. తర్వాత చేతులు మార్చుకునేవాళ్ళం. నాకు మొదటిసారి 39.3 సెకన్లు వచ్చింది, రెండోసారి 39.4. సగటు 39.35. లెక్క వేస్తే g 1020. పుస్తకానికీ నాకూ నూటికి నాలుగు తేడా! మావాడికీ కాస్త అటూ ఇటూగా అంతే.

హాస్టల్లో సీనియర్లు అప్పటికే మాకు ఉపదేశం చేసి ఉన్నారు. దాన్ని "రీడింగులు వండటం" అనేవారు. కింద నుంచి పైకి రావాలి. 980 రావాలంటే ఒక్క ఊపుకి ఎంత కాలం ఉండాలి? దానికి ఇరవై ఊపులకి ఎంత ఉండాలి? సుమారు 40.15 ఉండాలి. వాచీ మీద సెకనులో పదోవంతు వరకే గీతలుంటాయి కాబట్టి 40.15 అని రాస్తే దొరికిపోతాం. అందుకని ఒకసారి 40.1, ఇంకోసారి 40.2 అని వేసి సగటు తియ్యాలి. అప్పుడు 979.6 వస్తుంది. సరిగ్గా 980 రాకూడదు, అనుమానమొస్తుంది. చూశారా, నిజం రాయడానికి ఒక్క లెక్క చాలు. అబద్ధం రాయడానికి నాకు రెండు పేజీల రఫ్ పేపరు ఖర్చయింది. ప్రయోగం చెయ్యడం కన్నా చెయ్యనట్టు తెలియకుండా చెయ్యడానికే ఎక్కువ ఫిజిక్స్ తెలియాలి.

నేను వండాను. మావాడు వండలేదు. అదేదో పెద్ద సత్యవ్రతం పట్టి కాదు. "వచ్చింది వచ్చినట్టు రాద్దాం, తప్పయితే ఆయనే చెబుతాడు కదా" అన్నాడు, అంతే. అతనికి అది కష్టమైన పనిగా కూడా తోచినట్టు లేదు.

మర్నాటి వారం రికార్డులు దిద్దేటప్పుడు లెక్చరర్ గారు మా ఇద్దరి పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. నన్ను పిలిచారు. "మీ ఇద్దరిదీ ఒకే బల్ల కదా, వాడికి 1020 దాకా వెళ్ళింది. నీకు సరిగ్గా వచ్చింది. ఎలా?" అన్నారు. మావాడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి. "నేను ఆ రోజు పక్క బల్ల వాళ్ళ వాచీ తీసుకున్నాను సార్" అన్నాను. అదీ ఇట్టే వచ్చింది, అతికినట్టే వచ్చింది. మావాడు ఒక్కసారి నా మొహంలోకి చూసి, తర్వాత కిటికీ వైపు చూశాడు. ఏమీ అనలేదు.

నాకు పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి. మావాడి పుస్తకంలో ఎర్రసిరాతో "రిపీట్" అని పడింది. "అందరికీ వచ్చేది నీకెందుకు రాదయ్యా? వాచీ నొక్కడం కూడా చేతకాదా?" అని చీవాట్లు కూడా పడ్డాయి.

మావాడు మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ 1015కీ 1020కీ మధ్యనే వచ్చింది. మూడోసారి భోజనాల వేళ లాబ్‌లో ఒక్కడే ఉండిపోయి, ఆ స్టాప్‌వాచీని తన హెచ్.ఎం.టీ. చేతిగడియారం పక్కన పెట్టుకుని పది నిమిషాలు కదలకుండా చూశాడట. పది నిమిషాలకి స్టాప్‌వాచీ దాదాపు పన్నెండు సెకన్లు వెనకబడింది. లెక్క వేసి చూసుకోండి, నూటికి రెండు. కాలంలో రెండు శాతం తగ్గితే, g లో నాలుగు శాతం పెరుగుతుంది, ఎందుకంటే సూత్రంలో కాలం వర్గమై కూర్చుంది. తప్పు చేతిది కాదు, వాచీది.

వాచీ పట్టుకుని స్టోర్ కీపర్ గారి దగ్గరికి వెళ్ళినప్పుడు నేనూ వెంట ఉన్నాను. ఆయన పెద్దాయన. వాచీని అటూ ఇటూ తిప్పి చూసి అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఇది రెండేళ్ళ కిందట సింకులో పడింది బాబూ. తుడిచి, ఎండలో పెట్టి, నడుస్తోందని మళ్ళీ బల్ల మీద పెట్టాను. ఆ తర్వాత ఎంతమంది దీంతో చేశారు! అందరికీ సరిగ్గానే వస్తోంది కదా, అందుకని వాచీ బాగుందనే అనుకున్నా."

అందరికీ సరిగ్గానే వస్తోంది!

రెండేళ్ళు. ఎన్ని బాచ్‌లు, ఎన్ని రికార్డులు, ఎన్ని సంతకాలు. ప్రతి పుస్తకంలోనూ 979, 981, 980.4. చెడిపోయిన వాచీతో అంతమంది కుర్రాళ్ళు సరైన జవాబు రాసి పంపారు. మేమంతా కలిసి ఆ వాచీకి ఆరోగ్యం బాగుందని సర్టిఫికెట్ ఇచ్చాం. అబద్ధం ఆడితే ఎవరికో అన్యాయం జరుగుతుందని మనం అనుకుంటాం. నా అబద్ధం వల్ల మావాడికి అన్యాయం జరిగిన మాట వాస్తవమే. కాని దానికంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఎక్కడ చెడిందో తెలిసే దారి మూసుకుపోతుంది. స్టోర్ కీపర్ గారు అబద్ధమాడలేదు, లెక్చరర్ గారూ ఆడలేదు. ఇద్దరూ మా రికార్డులని నమ్మారు, అంతే.

గాంధీ గారి ఆత్మకథలో ఒక ఘట్టం మీ అందరికీ తెలిసిందే. రాజకోటలో హైస్కూలు మొదటి సంవత్సరంలో ఉండగా గైల్స్ అనే ఇన్‌స్పెక్టరు వచ్చి ఐదు ఇంగ్లీషు మాటలు రాయించాడు. అందులో "కెటిల్" అన్న మాట గాంధీ తప్పు రాశాడు. పక్కవాడి పలక చూసి దిద్దుకోమని ఉపాధ్యాయుడు బూటు కొనతో పొడిచినా ఆ పిల్లవాడికి అర్థం కాలేదు. మనం ఈ కథ చెప్పుకునేటప్పుడు పిల్లవాడి నిజాయితీ గురించే చెప్పుకుంటాం. నాకు మాత్రం చదివినప్పుడల్లా ఆ బూటే కనబడుతుంది. కాపీ కొట్టమన్నది అల్లరి పిల్లవాడు కాదు, పంతులు గారు. ఆయన దుర్మార్గుడా అంటే కాదు. ఇన్‌స్పెక్టరు ముందు తన క్లాసు పరువు నిలవాలి, అదీ ఆయన బాధ. ఇంకొక వివరం చాలామంది గమనించరు. తాను తప్ప క్లాసులో పిల్లలందరూ అన్ని మాటలూ సరిగ్గా రాసినట్టు తేలిందని గాంధీ రాశారు. అంటే ఇన్‌స్పెక్టరు గారు ఏమనుకుని వెళ్ళి ఉంటాడు? ఈ బళ్ళో ఇంగ్లీషు బ్రహ్మాండంగా చెబుతున్నారు, ఒక్క కుర్రాడే మొద్దు అని. మా స్టోర్ కీపర్ గారి మాటే అక్కడా. అందరికీ సరిగ్గానే వస్తోంది.

ఇది కుర్రకారు లాబొరేటరీలకే పరిమితం అనుకోకండి. ఎలక్ట్రాన్ మీద విద్యుదావేశం ఎంతో నూనె బిందువులతో కొలిచి మిలికన్ మహాశయుడు 1913లో ప్రకటించిన వ్యాసంలో 58 బిందువుల ఫలితాలున్నాయి. ఏరి తీసినవి కావు, చూసినవన్నీ ఇవేనన్న ధోరణిలో ఆయన రాశాడు. తర్వాతి కాలంలో చరిత్రకారులు ఆయన నోటు పుస్తకాలు తెరిచి చూస్తే వదిలేసిన బిందువులు ఇంకా చాలా కనిపించాయి. ఆయనది మోసమా, అనుభవజ్ఞుడి విచక్షణా అన్న దానిమీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు, ఆ జోలికి నేను పోను. నాకు ఆసక్తి కలిగించేది తర్వాత జరిగిందని ఫేన్‌మన్ 1974లో కాలిఫోర్నియాలో పట్టభద్రుల సభలో చెప్పినది. గాలి స్నిగ్ధతకి మిలికన్ వాడిన విలువ తప్పు కావడం వల్ల ఆయన జవాబు కాస్త తక్కువగా వచ్చింది. తర్వాత కొలిచినవాళ్ళు ఒక్కసారిగా సరైన అంకెకి వెళ్ళలేదట. ఒకాయనకి కాస్త ఎక్కువ, ఆ తర్వాతాయనకి ఇంకాస్త ఎక్కువ, అలా మెల్లమెల్లగా పాకిందట. మిలికన్ అంకెకి మరీ దూరంగా వస్తే ఎక్కడ తప్పు చేశామా అని వెతికేవారు. దగ్గరగా వస్తే అంతగా వెతికేవారు కాదు. ఎవరూ బొంకలేదు, చూడండి. అయినా నిజం రావడం ఆలస్యమైంది. లఘులోలకం దగ్గర మేం చేసింది మోటుగా చేశాం, మహానుభావులు నాజూకుగా చేశారు.

ఇక మన గడ్డ మీద జరిగిన సంగతి. 2009 జనవరి 7న హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు గారు తన డైరెక్టర్ల బోర్డుకి ఒక ఉత్తరం రాశారు. కంపెనీ లెక్కల్లో 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు చూపించారు. అందులో 5,040 కోట్లు లేనే లేవని ఆయనే ఒప్పుకున్నారు. అంతకు ముందరి సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల్లో నూటికి 24 లాభమని ప్రకటించారు, అసలు వచ్చింది నూటికి 3. ఆ కంపెనీలో అప్పటికి సుమారు 53,000 మంది ఉద్యోగులు. మన పూర్వవిద్యార్థుల్లో ఆ వారం నిద్ర పట్టనివాళ్ళు ఎంతమందో, ఈ సంచిక చదివేవారిలోనే ఉంటారు.

ఆ కంపెనీ పేరు సత్యం కావడం మీద అప్పట్లో పత్రికల్లో బోలెడు ఛలోక్తులు వచ్చాయి. నాకు నవ్వు రాలేదు. ఆ ఉత్తరంలో ఒక భాగం చదివి మా లాబ్ గుర్తొచ్చింది. మొదట్లో అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ ఉన్న తేడా స్వల్పమేనట. ఏళ్ళు గడిచేకొద్దీ అది పెరిగి చెయ్యి దాటిపోయిందట. ఎందుకు పెరగదు? ఈ మూడు నెలలకి లేని లాభం చూపిస్తే, వచ్చే మూడు నెలల లెక్క ఆ లేని మెట్టు మీద నుంచి మొదలవ్వాలి. రికార్డులో నా అబద్ధం ఒక పేజీతో ముగిసింది, ఎందుకంటే వారం తిరిగేసరికి ప్రయోగం మారింది. వ్యాపారంలో ప్రయోగం మారదు. పాత అంకె కింద కొత్త అంకె వెయ్యాలి. చివరికి 2008 డిసెంబరులో ఆయన కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలని సత్యం చేత కొనిపించబోయారు. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు తెచ్చి పెట్టడానికి అదే ఆఖరి ప్రయత్నమని ఆ ఉత్తరంలోనే ఉంది. మేటాస్ అన్న పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో వెనకనుంచి చదివితే సత్యం అని వస్తుంది. 980 నుంచి వెనక్కి లెక్క కట్టిన నాకు ఆ పేరు చూస్తే ఒళ్ళు జలదరించింది.

మరి మధ్యలో ఎవరూ ఎందుకు పట్టుకోలేదు? ఆడిటర్లు ఏటేటా సంతకాలు పెట్టారు. ఆ 2008లోనే కంపెనీ పాలన చక్కగా ఉందని గోల్డెన్ పీకాక్ బహుమతి కూడా వచ్చింది, తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి. అంకెలు ఊహించినట్టే వస్తున్నాయి. ఊహించినట్టు వచ్చినదాన్ని ఎవడు తరచి చూస్తాడు? 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం రాజు గారితో సహా పదిమందికి ఏడేళ్ళ శిక్ష విధించింది. మరుసటి నెలలోనే పై కోర్టు ఆ శిక్షని నిలిపి బెయిలిచ్చింది. కంపెనీని 2009లోనే టెక్ మహీంద్రా తీసుకుంది, ఉద్యోగాలు చాలావరకు నిలబడ్డాయి. షేర్లు కొని నష్టపోయిన చిన్నవాళ్ళ సంగతి మాత్రం ఎవరికి పట్టింది!

ఇక్కడ ఎవరైనా విద్యార్థి లేచి, "అయితే అన్నివేళలా నిజమే చెప్పాలంటారా సార్?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. బలి చక్రవర్తికి శుక్రాచార్యులు ఎప్పుడెప్పుడు బొంకవచ్చో జాబితా వేసి మరీ చెప్పాడు. బలి వినలేదు, అది వేరే కథ. ద్రోణుడు అడిగినప్పుడు ధర్మరాజు అశ్వత్థామ చనిపోయాడని గట్టిగా, ఏనుగన్న మాట మెల్లగా అన్నాడు. అప్పటిదాకా నేలకి నాలుగంగుళాల ఎత్తున నడిచిన రథం కిందికి దిగిపోయిందట. ఈ ఘట్టంలో నన్ను పట్టి ఆపేది ధర్మరాజు రథం కాదు, ద్రోణుడు ఆయననే ఎందుకు అడిగాడన్నది. ఇంకెవరు చెప్పినా నమ్మడు కనక. జీవితమంతా నిజం చెప్పి కూడబెట్టుకున్న ఆస్తి ఆ ఒక్క క్షణంలో అమ్ముడుపోయింది. మంచి ధరకే పోయింది, యుద్ధం గెలిచారు. అయినా మళ్ళీ ఎవరూ ఆయన్ని అలాంటి ప్రశ్న అడిగినట్టు నాకు గుర్తు లేదు.

నా సంగతీ అంతే. ఆ ఏడాదంతా మేమిద్దరం ఒకే బల్ల దగ్గర ఉన్నాం. మావాడు నాతో కోపంగా ఉన్నది లేదు. కాంటీన్‌లో టీ తాగేవాళ్ళం, సినిమాలకి వెళ్ళేవాళ్ళం. కాని ఆ రోజు తర్వాత వాచీ ఎప్పుడూ నా చేతికి ఇవ్వలేదు. రీడింగు అతనే తీసుకునేవాడు, నేను గుండు వదిలేవాణ్ణి. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. వాచీని అల్మరాలో పెట్టించిన లెక్చరర్ గారు కూడా మావాడి "రిపీట్" కొట్టెయ్యలేదు. దాని కింద సంతకం పెట్టి ఆరు మార్కులు వేశారు. నా తొమ్మిది నాకే ఉండిపోయాయి.

కొన్నేళ్ళ క్రితం పూర్వవిద్యార్థుల సమావేశానికి మావాడు వచ్చాడు. రైల్వేలో మంచి ఉద్యోగం, జుట్టు పూర్తిగా నెరిసింది. భోజనాలయ్యాక చెట్టు కింద నిలబడి ధైర్యం చేసి అడిగాను. "ఆ స్టాప్‌వాచీ సంగతిరా, ఆ రోజు నేను..." అన్నాను. "ఏ వాచీ?" అన్నాడు. చెప్పాను. "ఏమోరా, నాకేం గుర్తులేదు" అని నవ్వి, పిల్లల చదువుల సంగతి ఎత్తాడు. అది నిజంగా మరపో, నన్ను కాపాడడానికి ఆడిన అబద్ధమో నేటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను. అబద్ధమే అయితే శుక్రాచార్యుల జాబితాలోకి దాన్ని కూడా చేర్చవచ్చు. కాని నిజం చెప్పి ఉంటే నాకు ఇంకాస్త తేలికగా ఉండేదేమో.

ఇప్పుడు ఆ లాబ్‌లోనే నేను పాఠం చెబుతున్నాను. ఎర్రసిరా కలం నా చేతికి వచ్చింది. ఒప్పుకోక తప్పదు, చాలా ఏళ్ళు నేను కూడా 980 చుట్టూ ఉన్న పుస్తకాలకి మార్కులు వేసి, దూరంగా ఉన్నవాటిని వెనక్కి పంపాను. నలభై పుస్తకాలు ఒక మధ్యాహ్నంలో దిద్దాలి, ఏం చెయ్యను అని సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆ చివరి పేజీలో మాత్రమే ఒక అంకె చూసే నా చూపే మా పిల్లల చేత వండిస్తోందని తెలిసే చేశాను. ఇంకో తమాషా ఏమిటంటే, మన ప్రాంతంలో g నిజానికి సుమారు 978.5 మాత్రమే. భూమధ్యరేఖ వైపు వెళ్ళేకొద్దీ తగ్గుతుంది. 980 అన్నది పుస్తకం వాళ్ళు గుండుగుత్తగా వేసిన అంకె. మన పిల్లలు వండేటప్పుడు కూడా మన ఊరి నిజానికి కాదు, పుస్తకం అంకెకే వండుతున్నారు! ఈ మధ్య ఆ కష్టం కూడా లేదు. సీనియర్ల రికార్డు ఫొటోలు ఫోన్లలోనే తిరుగుతున్నాయి. పోయినేడు వరసగా పదకొండు పుస్తకాల్లో ఒకే 40.1, ఒకే 40.2 కనబడితే ఎవరిని తిట్టాలో తెలియక కాసేపు కలం పక్కన పెట్టాను. ఆ అంకెలు నాకు బాగా తెలిసిన అంకెలు. నా అంకెలే.

అందుకని ఈ ఏడు ఒక చిన్న మార్పు చేసి చూశాను. చివరి అంకెకి మార్కులు తీసేసి, ఆ అంకె ఎందుకు అలా వచ్చిందో రాసినదానికి మార్కులు పెట్టాను. మా సహోద్యోగుల్లో ఇద్దరు దీన్ని ఒప్పుకోలేదు. "పరీక్షకి బయటి నుంచి ఎగ్జామినర్ వస్తే పిల్లలు ఇబ్బంది పడతారండీ" అన్నారు. వాళ్ళ మాటలోనూ నిజముంది. మన ఒక్క లాబ్ మారితే చాలదు. బయట ఇంకా బూట్లు పొడుస్తూనే ఉన్నాయి.

మొదటి వారంలోనే ఒక అమ్మాయి 1084 తెచ్చింది. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి నిలబడి, "సార్, సరిగ్గా వేసి తెమ్మంటారా?" అని నెమ్మదిగా అడిగింది. సరిగ్గా చేసి అనలేదు, వేసి అంది. వద్దమ్మా, పద చూద్దాం అని బల్ల దగ్గరికి వెళ్ళాం. వాచీ బాగానే ఉంది, నా ఫోన్‌తో సరిచూశాను. దారం పొడవు కొలిచాం, సరిగ్గా నూరే. మళ్ళీ ఒకసారి చెయ్యమన్నాను. గుండు వదులుతూనే వాచీ నొక్కి, "ఒకటి" అంది.

అక్కడ పట్టుకున్నాం. గుండు ఇంకా ఒక్క ఊపు కూడా ఊగకుండానే ఒకటి అయిపోయింది. ఆమె ఇరవై అనేసరికి గుండు ఊగింది పంతొమ్మిదిసార్లే. లెక్క వేస్తే సరిగ్గా 1084 దగ్గరికే వస్తుంది.

పాత పేజీ చింపెయ్యవచ్చా అని అడిగింది. వద్దన్నాను. దాని పక్కన కొత్త పేజీ మొదలుపెట్టింది. రెండింటి కిందా సంతకం పెడతానని చెప్పి నేను పక్కకి జరిగాను. గుండు పట్టుకుని, వాచీ మీద బొటనవేలు పెట్టి, వదిలింది.

"సున్నా" అంది.